నడుం బిగుతు, గుండె దడ, 2బీ పెన్సిలు: ఒక కవితల కట్ట పని డైరీ

నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. దాని వెంటే ఆందోళన. ఈ రెండింటితో బతకడం మీద ఒక చిన్న కవితల కట్ట తయారుచేస్తున్నాను. ఇలాంటి ఒంటితో రాయాలనుకునేవాళ్ళు ఇందులో పనికొచ్చినవి తీసుకుని, పనికిరానివి దాటుకుని పోవచ్చని దశల వారీగా రాసి పెడుతున్నాను. పగలు గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో కవిత్వానికి పగలు మిగలదు.

జబ్బు సంగతి కొంత ముందే చెప్పాలి. రాసే వేళ, రాసే భంగిమ, చివరికి కవితలో పాదం పొడవు కూడా దాన్ని బట్టే తేలాయి. వెన్నుపూసల దగ్గర, వెన్ను కటి ఎముకతో కలిసే కీళ్ళ దగ్గర వాపు వల్ల వచ్చే నొప్పి ఇది. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. రాత్రి రెండో సగంలో నిద్ర లేపుతుంది. లేచాక అరగంటకు పైగా ఒళ్ళు బిగుసుకునే ఉంటుంది. 3 నెలలు దాటి ఉండిపోయే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది ఏళ్ళ నాటిది.

దశ 1: పడుకుని రాసే ఏర్పాటు

మెలకువ వచ్చేది తెల్లవారుజామున మూడు ప్రాంతంలో. లేచి నాలుగడుగులు వేస్తే నడుం కాస్త వదులవుతుంది. కుర్చీలో కూర్చుంటే మళ్ళీ పట్టేస్తుంది. అందుకని ముందు వరండాలో నడక, తర్వాత వెల్లకిలా పడుకుని రాత. పనిముట్లలో చాలావరకు ఇక్కడే ఆగిపోయాయి.

బాల్‌పెన్ను: మొన పైకి పెట్టి రాస్తే రెండు పాదాలకే ఆగుతుంది. సిరా కిందికి దిగితేనే అది రాస్తుంది. పైకి తిప్పితే బంతి దాకా సిరా అందదు.

ఫోను: వెలుతురు కళ్ళలో పడి మిగిలిన నిద్ర కూడా పోయింది. తెరవగానే పగటి మెసేజీలు కనబడి దడ మొదలైంది.

నోటితో చెప్పి టైపు చేయించడం: పాదం ఎక్కడ విరగాలో దానికి తెలియదు. ‘సలపరం’ లాంటి మాట దానికి అందలేదు. పైగా పక్క గదిలో వాళ్ళు లేస్తారు.

హెచ్‌బీ పెన్సిలు: నొక్కే బలం చేతిలో లేనప్పుడు గీత పడదు. పొద్దున చదవబోతే కాగితం తెల్లగా ఉంటుంది.

చివరికి నిలిచిన ఏర్పాటు ఇది:

1. మెత్తగా, నల్లగా రాసే 2బీ పెన్సిళ్ళు రెండు, సాయంత్రమే చెక్కి తలగడ పక్కన పెట్టుకోవాలి.
2. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్ళే క్లిప్పు అట్ట.
3. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు, సగానికి చింపినవి. పెద్ద కాగితమైతే చెయ్యి పైకి జరపాలి, భుజం పట్టేస్తుంది.
4. మోకాళ్ళ కింద దిండు, తొడల మీద ఏటవాలుగా అట్ట.
5. చేతి గడియారంలో 15 నిమిషాలకు అలారం.

ఆ 15 నిమిషాలు నేను ఊరికే పెట్టుకున్నవి కావు. 1986లో అచ్చయిన పరిశోధనలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమను బాధపెట్టిన అనుభవాన్ని భావాలతో సహా రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు బరువెక్కింది. ఈ రెండో సంగతే నాకు ఎక్కువ పనికొచ్చింది. రాసిన కాగితం మీద ఆ రాత్రే తీర్పు చెప్పకూడదని తెలిసింది. ఇప్పుడు అలారం మోగగానే కాగితం బోర్లించి మళ్ళీ నడుస్తాను.

ఇంకో నియమం ఉంది. దీన్ని అందరూ పెట్టుకోవాలని నా కోరిక. రాస్తున్నది ‘ఇంకెందుకు బతకడం’ అనే వైపు మళ్ళితే పెన్సిలు పక్కన పెట్టి ఇంట్లో మనిషిని లేపాలి. ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కి ఫోన్ చేయాలి. రాత్రిళ్ళు కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. కవిత ఎక్కడ ఆగినా ఫరవాలేదు.

కట్ట లెక్క (కవితలు): నిలిచినవి 0, పక్కన పెట్టినవి 5.

దశ 2: ఛందస్సులో

వదులుగా రాసినవన్నీ ఫిర్యాదుల్లా వచ్చాయి. గట్టి చట్రం ఉంటే మాట అదుపులో ఉంటుందని ఆటవెలది పట్టుకున్నాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస నియమం లేదు. ఇది వచ్చింది:

రాత్రి మూడు దాటె రాయయ్యె నడుమెల్ల
పక్క మార్చలేక ప్రాణమదురు
తెల్లవారు దాక తీగలై నరములు
లాగుచుండు నెవరొ లాగినట్లు

గణాలు సరిపోయాయి. రా-రా, ప-ప్రా, తె-తీ, లా-లా, యతులూ సరిపోయాయి. అయినా పక్కన పెట్టాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఛందస్సు వచ్చినవాళ్ళకు ఇది చాలా ఆశ పుట్టించే దారి కాబట్టి.

మొదటిది, నాలుగో పాదం కొత్తగా ఏమీ చెప్పదు. ‘లాగుచుండు’ అన్నాక యతికి ‘లా’ కావాలి కనుక ‘లాగినట్లు’ వచ్చి కూర్చుంది. రెండోది, తెల్లవారుజామున మంచం మీద ఉన్న మనిషి ‘లాగుచుండు’ అనడు, ‘లాగేస్తోంది’ అంటాడు. మూడోది అన్నింటికన్నా పెద్దది. ‘నరములు’ నిజం కాదు. నా జబ్బులో వాపు నరాల్లో ఉండదు, కీళ్ళలోను, కట్టుతాళ్ళు (లిగమెంట్లు) ఎముకకు అతుక్కునే చోట్లలోను ఉంటుంది. చివర ఒక ఇంద్రగణం కావాల్సి వచ్చి ‘నరములు’ చేరింది. ఒంట్లో లేని నొప్పిని పద్యం పుట్టించింది. వైద్యుడి ఎదుట ఒక్కో మాటా తూచి చెప్పే అలవాటున్న రోగికి ఇది మింగుడుపడదు.

తేటగీతిలోనూ చూశాను. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలకూ అదే నడక. అది ఆటవెలది కన్నా నిలకడగా సాగుతుంది. ఆ నిలకడే అడ్డం, నొప్పి అలా సమంగా నడవదు.

తర్వాత నానీ. నాలుగు పాదాలు, 20కి తగ్గకుండా 25కి మించకుండా అక్షరాలు.

మిరప టిక్కీలు
లెక్కపెడుతున్నా
వెన్నుపూసలు
లెక్క తప్పిస్తున్నాయి

24 అక్షరాలు. టిక్కీ అంటే మిర్చి బస్తా. విన్నవాళ్ళు ‘భలే’ అన్నారు. ఆ ‘భలే’ దగ్గరే నాకు తృప్తి కలగలేదు. చివరి పాదంలో చమత్కారం వచ్చి విషయాన్ని ముగించేస్తోంది. బయట సంగతులకు అది బాగుంటుంది. నాలుగో పాదం దగ్గర ఆగని నొప్పికి ఈ కొలత చాలదు.

కట్ట లెక్క: నిలిచినవి 0, పక్కన పెట్టినవి 9.

దశ 3: మాటల జాబితా

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో మెగిల్ నొప్పి ప్రశ్నావళి తయారుచేశాడు. నొప్పి ఎంత అని మాత్రమే అడగకుండా ఎలాంటిదో చెప్పమని 78 మాటలను 20 గుంపులుగా రోగి ముందు పెడుతుంది అది. దాన్ని తెలుగులోకి దించే పని నేను పెట్టుకోలేదు. మా ఇంట్లో, కొట్లో, ఆసుపత్రి వరసల్లో జనం నొప్పికి వాడే మాటలు ఏరుకుని అలాగే గుంపులు కట్టాను:

1. పొడిచేవి: పోటు, చురుక్కుమనడం, కలుక్కుమనడం, సూదులు గుచ్చినట్టు.
2. లాగేవి: తీపు, పీకుడు, గుంజుడు, ఈడ్పు.
3. పట్టేవి: బిగుతు, పట్టేయడం, కొంకర్లు పోవడం.
4. ఆగకుండా ఉండేవి: సలపరం, నస.
5. వేడివి: మంట, భగభగ.
6. పోయినట్టుండేవి: తిమ్మిరి, మొద్దుబారడం.
7. ఆందోళనవి: గుబులు, దడ, గాభరా, బెంగ, కాళ్ళు చల్లబడటం, నోరు ఎండిపోవడం.

ఆ తర్వాత నావి కానివి కొట్టేశాను. నాకు ఉన్నవి బిగుతు, పట్టేయడం, సలపరం, అప్పుడప్పుడూ పోటు. తిమ్మిరి లేదు, సూదులు లేవు, మంట లేదు. అంతకు ముందు రాసినవాటిలో మాత్రం మంటే ఎక్కువ! గుంటూరులో ఉన్నాను కదా, మిరపకాయ దానంతట అదే కవితలోకి వచ్చేది.

‘మంట’ను పారేయబోతూ దాని సంగతి చదివాను. చర్మంలోని నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ప్రోటీను ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకి కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. దీన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. అంటే మిరప ఘాటులో కాలింది ఏమీ లేదు, కాలిందన్న కబురు మాత్రం నిజంగానే పుట్టింది. ఇది నా నడుం కాదు. ఇది నా ఆందోళన. ఆ మాటను నొప్పి గుంపులోంచి తీసి ఆందోళన గుంపులో పెట్టాక మొదటి కవిత నిలిచింది.

యార్డు గేటు దాటగానే
ముక్కు, గొంతు, కళ్ళు
నిప్పని చెప్పాయి.
నిప్పు లేదు.

పొద్దున్నే ఫోను మోగగానే
గుండె కూడా అదే చెప్పింది.
నిప్పు లేదు.
చెయ్యి మాత్రం చెమర్చింది.

ఈ దశ నుంచి ఒక నియమం మిగిలింది. కవితకు నొప్పి మాట ఒక్కటే, అదీ నా జాబితాలో కొట్టేయనిదే.

కట్ట లెక్క: నిలిచినవి 1, పక్కన పెట్టినవి 10.

దశ 4: అంకెలు, టేపు, పెన్ను

వైద్యుడి దగ్గర నాకు అంకెలు అలవాటు. బాస్‌డాయ్ అనే ఆరు ప్రశ్నల పట్టిక ఉంది. అలసట, వెన్ను నొప్పి, కీళ్ళ నొప్పి, ముట్టుకుంటే నొప్పి, పొద్దుటి బిగుతు ఎంత, ఎంతసేపు అని అడుగుతుంది. 10కి 4 దాటితే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. ఆందోళనకు జీఏడీ-7: ఏడు ప్రశ్నలు, 21 దాకా మార్కులు. ఈ అంకెలను తిన్నగా కవితల్లో పెట్టి చూశాను. ‘ఈరోజు ఏడు’ అని రాస్తే చదివేవాళ్ళకు ఏమీ అందదు, ఎవరి ఏడు వాళ్ళదే. అందుకని అంకెలు కవితలోకి కాకుండా కాగితం మూలకి వెళ్ళాయి. రాసిన రోజు నొప్పి ఎంతో, దడ ఎంతో మూలన వేస్తాను. తర్వాత దిద్దేటప్పుడు అది పనికొస్తుంది. నొప్పి 7 ఉన్న రోజు రాసినదాన్ని 3 ఉన్న రోజు దిద్దితే ఒళ్ళు మరిచిపోయిన సంగతులు కొట్టేస్తున్నానని దీనివల్లే బయటపడింది. ఇప్పుడు మంచి రోజున పాదాల వరస మారుస్తాను గానీ క్రియలు ముట్టుకోను.

అంకె పనిచేయని చోట టేపు పనిచేసింది. సవరించిన షోబర్ పరీక్షలో నడుం కింద ఉండే రెండు సొట్టలను కలిపే గీత నుంచి పైకి 10, కిందికి 5 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెడతారు. ముందుకు వంగితే ఆ 15 కనీసం 20కి సాగాలి. నాది 17.5 దగ్గర ఆగుతుంది. నొప్పి ఎంత అన్నదానికి జవాబు లేదు, వంగింది ఎంత అన్నదానికి ఉంది. అప్పటి నుంచి నా చూపంతా ఒళ్ళు ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదాని మీదికి మళ్ళింది.

బాస్‌ఫై అని ఇంకో పట్టికలో ఒక ప్రశ్న ఉంది: ఏ ఆధారం లేకుండా నడుం నుంచి వంగి నేల మీది పెన్ను తీయగలరా? అది చదివిన వారంలోనే కొట్లో పెన్ను జారింది. దాని మీద రాసిన మొదటి కాగితంలో వెన్ను ఎండిన వాగైంది, తుప్పు పట్టిన గొలుసైంది, నిద్రపోయిన కొండైంది. దాన్ని మా హమాలీ మేస్త్రికి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని అడిగాడు:

“ఇంతకీ ఆ పెన్ను తీశావా లేదా, బాబూ?”

“తీశాను బాబాయ్.”

“మరి అది చెప్పలేదే!”

పోలికలన్నీ తీసేసి, జరిగింది జరిగిన వరసలో పెట్టాను:

పెన్ను కింద పడింది.
చూశాను.
కుర్చీ జరిపాను.
మోకాలు వంచాను. నడుం వంచలేదు.
బల్ల అంచు పట్టుకున్నాను.
అందింది.
రైతు అడిగాడు, ఎంత తూగిందని.
చెప్పాను.

నొప్పి అన్న మాటే ఇందులో లేదు. ఇలాగే ‘సాయంత్రం మెట్లు’, ‘వెనక నుంచి పిలిస్తే’ కుదిరాయి. మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూడాల్సి రావడం ఆ రెండోదాని విషయం.

కట్ట లెక్క: నిలిచినవి 4, పక్కన పెట్టినవి 12.

దశ 5: ఆందోళనకు వేరే వాక్యం

పెన్ను కవిత పద్ధతిలోనే ఆందోళన మీద రాస్తే రాలేదు. ‘భయపడ్డాను. కూర్చున్నాను. నీళ్ళు తాగాను.’ చదివితే ధైర్యంగా ఉన్న మనిషి మాట్లాడుతున్నట్టుంది. కారణం వ్యాకరణంలో దొరికింది. సమాపక క్రియతో వాక్యం ముగుస్తుంది, పని పూర్తయిందని చెబుతుంది. నొప్పిలో ఒక్కో పనీ పూర్తి చేసుకుంటూ పోతాం కాబట్టి అక్కడ అది సరిపోయింది. ఆందోళనలో ఏదీ పూర్తికాదు. వెళ్ళి, చూసి, ఆగి, అనుకుని, ఒకదాని మీద ఒకటి అసమాపక క్రియలే. బడిలో ఉపాధ్యాయులు ‘వాక్యం పూర్తి చెయ్యి’ అని దిద్దించేది దేన్నో, దాన్నే వదిలేసి రాశాను. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది.

అమ్మ ఫోను మిస్సయిందని చూసి
తిరిగి చేస్తే ఎత్తకపోయేసరికి
పక్కింటి పిన్నికి చేద్దామని తీసి
ఇంత చిన్నదానికా అనుకుంటుందని ఆగి
బాత్రూంలో పడిందేమోనని
పడితే తలుపెవరు తీస్తారోనని
తెనాలి బస్సు ఎన్నింటికోనని
చెప్పులు వేసుకుని
చెప్పులు విప్పి
మళ్ళీ చేసి

ఇక్కడితో ఆపాను. మొదట ‘అమ్మ ఎత్తింది’ అని ఒక పాదం ఉండేది. అది ఉంటే మొత్తం కవిత ఒక చిన్న కంగారు కథ అయిపోతోంది. ఆ పూట అమ్మ ఎత్తిన మాట నిజమే. మర్నాడు మళ్ళీ ఇదంతా మొదలైన మాటా అంతే నిజం.

ఇవి రాయడంలో ఒక ప్రమాదం ఉంది. దడగా ఉన్నప్పుడు ఈ వాక్యం ఎత్తుకుంటే దడ పెరుగుతుంది, వాక్యం దాన్ని లాక్కుంటూ పోతుంది. కాబట్టి నొప్పి కవితలకు తెల్లవారుజాము, వీటికి పగలు:

1. దడ వచ్చినప్పుడు ఏం చేశానో క్రియలు మాత్రం కాగితం మీద వేయాలి. వెళ్ళి, తీసి, చూసి. అంతకు మించి రాయొద్దు.
2. మర్నాడు తిన్నాక, వెలుతురులో, ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు ఆ క్రియల నుంచి కవిత కట్టాలి.
3. 15 నిమిషాలే.
4. అయ్యాక బయటికి వెళ్ళి ఒక పని పూర్తి చేయాలి. నేను కూరగాయలు తెస్తాను.

పాదం పొడవు ఊపిరిని బట్టి తేలింది. ఈ జబ్బు పక్కటెముకల కీళ్ళనూ పడుతుంది. నాలుగో పక్కటెముకల సందు దగ్గర టేపు చుట్టి, గాలి అంతా వదిలాక ఒకసారి, నిండా పీల్చాక ఒకసారి కొలిస్తే 5 సెంటీమీటర్ల దాకా తేడా రావాలి. నాకు 3 వస్తుంది. మొదట్లో 30 అక్షరాల పాదాలు రాసేవాణ్ణి, పైకి చదివితే మధ్యలో ఊపిరి తెగేది. 16 అక్షరాల దగ్గర విరిస్తే ఛాతీ నొప్పి లేకుండా చదవగలుగుతున్నాను. మీ ఊపిరికి ఎంత వస్తుందో నొప్పి ఉన్న రోజునే కొలుచుకోండి.

కట్ట లెక్క: నిలిచినవి 7, పక్కన పెట్టినవి 15.

దశ 6: వినిపించడం

మేలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక బ్రాడీపేటలో ఒక స్నేహితుడి మేడ మీద, ఎండ దిగిన తర్వాత, నలుగురి ముందు చదివాను. నిలబడి చదివాను, కూర్చుంటే పది నిమిషాలకే బిగుస్తుంది. కవిత అయ్యాక విన్నవాళ్ళు ‘అయ్యో’ అంటే ఒక గుర్తు, తమ ఒంటి సంగతి చెప్పడం మొదలుపెడితే ఇంకో గుర్తు. ‘వెనక నుంచి పిలిస్తే’కి అందరూ ‘అయ్యో’ అన్నారు. పెన్ను కవితకి ఒకావిడ, తను మోకాళ్ళ నొప్పితో ముగ్గు ఎలా మానేసిందో చెప్పింది. అమ్మ ఫోను కవిత అవకముందే ఒకాయన జేబులో ఫోను తీసి చూసుకున్నాడు.

జాలి పుట్టించడానికి నేనివి రాయడం లేదు. జాలిపడిన మనిషి దూరం జరుగుతాడు, మంచి మాట చెప్పి వెళ్ళిపోతాడు. ‘వెనక నుంచి పిలిస్తే’ కట్టలోంచి తీశాను. దానిలో చివరి రెండు పాదాలు మెడను కాకుండా నన్ను చూపిస్తున్నాయి. అవి పోతే కవిత తిరిగి కట్టలోకి రావచ్చు.

కట్ట లెక్క: నిలిచినవి 6, పక్కన పెట్టినవి 16.

ఇప్పుడు నడుస్తున్న పని

నొప్పీ ఆందోళనా విడివిడిగా వచ్చాయి. కలిసి రావడం లేదు. బతుకులో మాత్రం అవి కలిసే ఉంటాయి. ఒక ఉదాహరణ చేతిలో ఉంది: రెండు వారాలకొకసారి తొడకు వేసుకునే ఇంజెక్షన్. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండాకాలం రాత్రి కరెంటు పోతుంది. నడుం పట్టేసి మంచం మీద ఉన్నాను, ఫ్రిజ్ తలుపు తెరవకూడదు, తెరిచి చూడాలని ఉంది.

ఇప్పటికి కట్టిన రూపాలు:

1. మొత్తం అసమాపక క్రియలతో, చివర ‘కరెంటు వచ్చింది’. ఆ ఒక్క సమాపక క్రియ అంతా చక్కబడినట్టు వినిపించింది. తీసేశాను.
2. ఒక పాదం నొప్పిది, ఒక పాదం ఆందోళనది. లెక్క ప్రకారం పేర్చినట్టుంది. తీసేశాను.
3. ఆందోళన వాక్యం సాగుతూ ఉండగా మధ్యలో ఎక్కడ పడితే అక్కడ ‘లేవలేదు.’ అనే ఒక్క మాట. ఇది ఇంకా బల్ల మీదే ఉంది. ఆ మాట ఎన్నిసార్లు రావాలో తేలలేదు. మూడుసార్లయితే పాటలో పల్లవిలా ఉంది, ఒకసారైతే తగలడం లేదు.

తర్వాత చూడబోయేది: మూడో రూపంలోనే, ‘లేవలేదు’ వచ్చే చోట్లను కాగితం మీద కాకుండా మంచం మీద తేల్చడం. తెల్లవారుజామున పైకి చదువుతూ, నడుం నిజంగా అడ్డుపడిన అక్షరం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, పొద్దున ఆ గీతలున్న చోట పాదం విరవడం.